మిర్చి కొట్టులో కీబోర్డు ఫోను: బ్లాక్‌బెర్రీ కీ2ను మన దారికి తెచ్చుకోవడం ఎలా

గుంటూరు యార్డులో మాది చిన్న కమిషన్ కొట్టు. పొద్దున వేలంపాట టైముకి మచ్చు కాయ విరిచి తొక్క చూడాలి, గింజ చూడాలి, గుప్పిట్లో నొక్కి నిమ్ము ఎంతుందో పట్టుకోవాలి. అదే నిమిషంలో చెన్నైలో ఒక పార్టీకీ నాగపూర్‌లో ఇంకో పార్టీకీ ‘ఈ లాటు ఇంతకి పోతోంది, తీసుకోమంటారా’ అని మెసేజ్ వెళ్లాలి. గాజు తెర మీద టైపు చేస్తే కళ్లు తెర మీదే ఉండాలి. కళ్లు తెర మీద ఉంటే పాట మన ముందు నుంచే దాటిపోతుంది. మచ్చు కాయలు చొక్కా జేబులో వేసుకుని, కళ్లు రాశి మీద పెట్టి, రెండు బొటనవేళ్లతో మెసేజ్ కొట్టగలగాలి. బొత్తాల ఫోను మీద నా మోజంతా అందుకే.

ఒకప్పుడు నోకియా ఈ63 వాడాను. తర్వాత ఒక బ్లాక్‌బెర్రీ కర్వ్, ఆ తర్వాత అదే కంపెనీ కీవన్. దసరా ముందు కీ2కి మారాను. ఇది మన దేశంలో 2018 జులైలో వచ్చింది, అప్పటి ధర 42,990 రూపాయలు. (ఇంట్లో చెప్పిన అంకె వేరు.) పెట్టెలోంచి తీసి అలాగే వాడేస్తే దీని పనితనం సగం కూడా బయటికి రాదు. మొదటి పదిహేను రోజులు తంటాలు పడి, ఒక్కొక్కటే సర్దుకున్నాక దారిన పడింది. ఆ సర్దుకోవడం గురించే ఇదంతా.

కీవన్‌కీ దీనికీ తేడాలు ముందు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. తెర అదే 4.5 అంగుళాలది. మీటలు మాత్రం కీవన్ కన్నా 20 శాతం ఎత్తు పెరిగాయి, పైగా మెరుపు పోయి మ్యాట్ రకంగా ఉన్నాయి. చెమట వేలు జారదు. బరువు 180 గ్రాముల నుంచి 168కి దిగింది. లోపల స్నాప్‌డ్రాగన్ 660 చిప్పు, 6 జీబీ ర్యామ్. రోజంతా వాట్సాప్, లెక్కల షీటు, కెమెరా మార్చి మార్చి వాడినా ఆగి ఆలోచించదు. హెడ్‌ఫోన్ రంధ్రం ఉంచారు, సంతోషం. నా పని తీరునే మార్చేసింది మాత్రం కింది వరసలో కుడి చివర ఉన్న చిన్న మీట. దాని మీద తొమ్మిది చుక్కలుంటాయి. దాన్ని స్పీడ్ కీ అంటారు. ఎక్కువ సేపు దాని దగ్గరే ఆగుదాం. దానికంటే ముందు మొదటి రోజు సాయంత్రం చేయాల్సిన పని ఒకటుంది.

మొదటి సాయంత్రం: ఫోను నోరు మూయించడం

ఈ ఫోనుకి మన మాటలు రావు, కానీ వచ్చినట్టే ప్రవర్తిస్తుంది. తాలు కాయ అంటే మాకు రంగు పోయి తెల్లబడ్డ కాయ. టిక్కీ అంటే మిర్చి బస్తా. మొదటి రోజే ఒక పార్టీకి ఇంగ్లిష్ అక్షరాల్లో ‘తాలు 20 టిక్కీలు’ అని కొట్టి, కళ్లు ఎత్తకుండా పంపేశాను. అవతల చేరింది ‘టాక్ 20’, ఆ తర్వాత ఇంకేదో. ఆయన నిజంగానే మాట్లాడాలేమోనని ఫోన్ చేశాడు. తప్పు నాదే, సెట్టింగులు చూసుకోకుండా యార్డుకి తీసుకెళ్లాను. కళ్లు పెట్టకుండా టైపు చేద్దామనుకునేవాడికి మాటలు తనంతట తనే మార్చే సదుపాయం పనికిరాదు. మనం తప్పు కొడితే ఎదుటివాడు అర్థం చేసుకుంటాడు. ఒక అక్షరం అటూ ఇటూ అయినా ‘తాలు’ అని పోల్చుకుంటాడు. ఫోను దిద్దిన తప్పు మాత్రం శుభ్రమైన వేరే మాటగా వెళ్లిపోతుంది. దాన్ని ఎవరూ పోల్చుకోలేరు.

సెట్టింగ్స్‌లో భాషలు, ఇన్‌పుట్ అనే చోటికి వెళ్లి బ్లాక్‌బెర్రీ కీబోర్డు తెరవండి. నేను అక్కడ మూడు పనులు చేశాను. ఒకటి, ఆటో కరెక్షన్ తీసేశాను. రెండు, వాక్యం మొదట్లో తనంతట తనే పెద్ద అక్షరం వేయడం తీసేశాను. ఇది తెలుగు రాయాలనుకునేవాళ్లకి ఎంత ముఖ్యమో కిందకొచ్చాక చెబుతాను. మూడు, స్పేస్ రెండుసార్లు కొడితే చుక్క పెట్టడం తీసేశాను. ఎందుకంటే రేటుకీ రేటుకీ మధ్య రెండు ఖాళీలు వదిలే అలవాటు నాది. ప్రతి రేటు పక్కనా ఒక చుక్క వచ్చి కూర్చునేది. ధరల దగ్గర చుక్క అంటే టెన్షన్ కదా.

మాటలు సూచించడం మాత్రం ఉంచుకోండి. అది మనం ఒప్పుకుంటేనే వస్తుంది, బలవంతం చేయదు. నాలుగు రోజులు వాడితే ‘టిక్కీ’, ‘కాటా’, ‘నిమ్ము’ లాంటి మాటల్ని ఇంగ్లిష్ స్పెల్లింగుతో సహా పట్టేసుకుంటుంది. తెర అడుగున సూచించిన మాట కనబడగానే, దాని కిందున్న మీటల మీద వేలితో పైకి ఒక్క విసురు విసిరితే ఆ మాట వాక్యంలో పడుతుంది. ఈ విసురు చేతికి రావడానికి నాకు మూడు రోజులు పట్టింది.

అక్కడే వర్డ్ సబ్‌స్టిట్యూషన్ అని ఒకటుంది. మనం రెండు మూడు అక్షరాల పొట్టి గుర్తు పెట్టుకుంటే పూర్తి మాట దానంతట అదే పడుతుంది. కొట్టు అడ్రసు, బ్యాంకు ఖాతా వివరాలు, జీఎస్‌టీ నంబరు మూడూ అలా పెట్టుకున్నాను. ఒక్క జాగ్రత్త: గుర్తుగా నిజమైన మాట పెట్టకండి. ‘యాడ్’ అనే మాటకి అడ్రసు తగిలించి, ఎవరికో మామూలు వాక్యం మధ్యలో మా కొట్టు అడ్రసంతా పంపాను.

స్పీడ్ కీ

కీవన్‌లోనూ అక్షరాలకి షార్ట్‌కట్లు ఉన్నాయి. కాకపోతే అవి హోమ్ తెర మీదుంటేనే పనిచేసేవి. వాట్సాప్‌లో ఉన్నాననుకోండి, ముందు హోమ్ నొక్కాలి, తర్వాత అక్షరం నొక్కాలి. ఒక్క నొక్కే కదా అనిపిస్తుంది. కానీ హోమ్ తెర కనబడగానే మనసు చెదురుతుంది. ఏం చేద్దామని వచ్చామో ఒక్క క్షణం మర్చిపోతాం. కీ2లో ఏ యాప్‌లో ఉన్నా సరే, స్పీడ్ కీ నొక్కి పట్టుకుని అక్షరం కొడితే నేరుగా అక్కడికి దూకుతుంది. 26 అక్షరాలు, పొట్టి నొక్కుకి ఒకటి, పొడవు నొక్కుకి ఒకటి, మొత్తం 52 పనులు పెట్టుకోవచ్చు.

పెట్టుకోవడం తేలికే. హోమ్ తెర మీద ఖాళీగా ఉన్న అక్షరాన్ని నొక్కి పట్టుకుంటే దేనికి కేటాయించాలని అదే అడుగుతుంది. ఏదైనా యాప్ ఇవ్వొచ్చు, ఒక మనిషికి నేరుగా ఫోన్ కలపమనొచ్చు, మెసేజ్ పెట్టమనొచ్చు. తర్వాత మార్చుకోవాలంటే సెట్టింగ్స్‌లో షార్ట్‌కట్లు, జెశ్చర్లు అనే చోట జాబితా అంతా ఉంటుంది.

52 ఉన్నాయి కదా అని మొదటి రోజే 52 నింపకండి. నేను నింపాను. రెండో రోజుకి పది కూడా గుర్తులేవు. అంతా చెరిపేసి ఆరుతో మొదలుపెట్టాను. డబ్ల్యూకి వాట్సాప్. సీకి కాలిక్యులేటర్. టీకి టిక్కీల షీటు. ఎన్‌కి నోట్సు. ఎల్‌కి లేఖిని, దాని సంగతి వస్తోంది. పీకి ఫోటోలు, కాటా చీటీలన్నీ ఫోటో తీసి పెట్టుకుంటాం కాబట్టి. ఇవి వేళ్లకి ఎక్కాకే ఏడోది కలిపాను. ఇప్పటికి పద్నాలుగు అయ్యాయి. అంతకంటే అవసరం రాలేదు.

రెండో నియమం అనుభవం మీద వచ్చింది. యాప్‌లు పొట్టి నొక్కుకి, మనుషులు పొడవు నొక్కుకి పెట్టుకోండి. పొరపాటున కాలిక్యులేటర్ తెరుచుకుంటే ఎవరికీ నష్టం లేదు. మొదట్లో నేను చెన్నై పార్టీ నంబర్ని పొట్టి నొక్కుకి పెట్టాను. తెల్లవారుజామున నాలుగున్నరకి లారీ ఎక్కడుందో చూద్దామని చీకట్లో మీట తడిమితే ఆయనకి వెళ్లింది ఫోను. పాపం లేచి ‘ఎన్న సార్, లోడు పడిపోయిందా’ అని అడిగాడు. ఇప్పుడు హమాలీ మేస్త్రి, గుమస్తా, కోల్డ్ స్టోరేజీ, లారీ ఆఫీసు అన్నీ పొడవు నొక్కు మీదే ఉన్నాయి. వేలు కావాలని ఆగితే తప్ప ఫోన్ పోదు.

ఇది ఎంత కలిసొస్తుందో ఒక లెక్కతో చూపిస్తాను. మొన్న ఏసీ సరుకు, అంటే కోల్డ్ స్టోరేజీలోంచి తీసిన కాయ, 45 టిక్కీలు పాటలో ఉంది. వాట్సాప్‌లో నాగపూర్ పార్టీ ‘టోటల్ కిత్నా’ అన్నాడు. స్పీడ్ కీ పట్టుకుని సీ కొట్టాను. టిక్కీకి 42 కిలోలు వేసుకుని 45 పెట్టి గుణిస్తే 1,890 కిలోలు, అంటే 18.90 క్వింటాళ్లు. 9,200 రేటుకి 1,73,880. ఆ అంకె నొక్కి పట్టుకుని కాపీ చేశాను. స్పీడ్ కీ, డబ్ల్యూ. మళ్లీ అదే పార్టీ మాటల దగ్గరే తేలాను. పేస్ట్ చేసి పంపాను. ఈ మధ్యలో హోమ్ తెర ముఖం చూడలేదు, ఐకాన్ల కోసం వెతకలేదు. పక్క కొట్టాయన అప్పటికి ఫోను అడ్డం తిప్పి కాలిక్యులేటర్ ఎక్కడుందో చూసుకుంటున్నాడు.

ఒక్క చిక్కుంది. కీవన్‌లో కుడి పక్క కూడా ఒక షిఫ్ట్ మీట ఉండేది. స్పీడ్ కీ కూర్చున్నది సరిగ్గా దాని చోటే. కీవన్ నుంచి వచ్చినవాళ్ల కుడి బొటనవేలు పెద్ద అక్షరం కోసం అక్కడికే పోతుంది. పెద్ద టీ కొట్టబోతే టిక్కీల షీటు తెరుచుకుంటుంది. నాకు ఒక వారమంతా ఇదే గోల. విరుగుడు ఏమిటంటే, కీబోర్డు సెట్టింగుల్లో అక్షరాన్ని నొక్కి పట్టుకుంటే ఏం రావాలో ఎంచుకునే చోట పెద్ద అక్షరం పెట్టుకోండి. ఇక షిఫ్ట్ వైపు పోవాల్సిన పనే ఉండదు. అదే మీట, కాస్త ఆగి వదిలితే పెద్దది.

అంకెలు

మాలాంటి వాళ్లకి సగం టైపింగ్ అంకెలే. ఈ కీబోర్డులో అంకెలకి ప్రత్యేక వరస లేదు. ఎడమ చివర ఆల్ట్ అనే మీట నొక్కితే డబ్ల్యూ, ఈ, ఆర్ మీటలు 1, 2, 3 అవుతాయి. దాని కింద ఎస్, డీ, ఎఫ్ మీద 4, 5, 6. ఆ కింద జెడ్, ఎక్స్, సీ మీద 7, 8, 9. సున్నాకి మాత్రం స్పేస్ పక్కనే సొంత మీట ఉంది. ఆల్ట్ ఒకసారి నొక్కితే ఒక్క అంకెకే పనిచేస్తుంది. రెండుసార్లు వెంటవెంటనే నొక్కితే తాళం పడినట్టు అంకెల్లోనే ఉండిపోతుంది. రేట్ల పట్టీ కొట్టేటప్పుడు ఇలాగే చేయండి. ఫోన్ నంబరు డయల్ చేసేటప్పుడు ఆల్ట్ అక్కర్లేదు, డయలర్‌లో ఆ మీటలు తిన్నగా అంకెలే వేస్తాయి.

ఇక్కడ కొట్లలో పెరిగినవాళ్లకి ఒక గొయ్యి ఉంది. మన బల్ల మీద కాలిక్యులేటర్‌లో 7, 8, 9 పై వరసలో ఉంటాయి. ఇక్కడ పై వరసలో 1, 2, 3. కాలిక్యులేటర్‌కి అలవాటు పడ్డ వేలు చూడకుండా 9,200 కొట్టబోతే 3,800 పడుతుంది. కింద మీదైపోతుందన్నమాట. నాలుగు, అయిదు, ఆరు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి కాబట్టి కొన్ని అంకెలు సరిగ్గా వచ్చి మనల్ని ఇంకా మోసం చేస్తాయి. దీనికి మందు సాధన ఒక్కటే. నేను ఒక ఆదివారం కూర్చుని ఆ వారం రేట్లన్నీ నోట్సులో చూడకుండా కొట్టాను. తర్వాత చూసి తప్పులు గుర్తు పెట్టుకున్నాను. రెండో ఆదివారానికి చేయి తిరిగింది. అయినా సరే, డబ్బుల అంకె పంపే ముందు ఒక్కసారి తెర వైపు చూస్తాను. అక్కడ మాత్రం కళ్లు మూసుకునే పందెం వద్దు.

మీటల మీద నిమరడం

మీటలన్నీ కలిపి ఒక టచ్ ప్యాడ్ కూడా. నొక్కకుండా పైపైన వేలు పైకీ కిందకీ రాస్తే తెర మీద పేజీ కదులుతుంది. వేలు తెరకి అడ్డం రాదు కాబట్టి పొడుగు మెసేజీలు చదవడానికి హాయిగా ఉంటుంది. టైపు చేసేటప్పుడు కుడి నుంచి ఎడమకి ఒక్కసారి రాస్తే ఇంతకు ముందు కొట్టిన మాట మొత్తం పోతుంది. ఒక్కో అక్షరం చెరుపుకుంటూ కూర్చోనక్కర్లేదు.

అన్నిటికన్నా నేను వాడేది కర్సర్. పొడుగు మెసేజ్ మధ్యలో 341 రకం మిర్చి అనబోయి 334 అన్నారనుకోండి. తెర మీద ఆ అంకెల మధ్య వేలు పెట్టడం చీమ నడుం పట్టుకున్నట్టే. ఇక్కడ మీటల మీద వేలితో రెండుసార్లు తట్టండి, నొక్కొద్దు, తట్టాలంతే. తర్వాత వేలిని ఎటు జరిపితే కర్సర్ అటు అక్షరం అక్షరం చొప్పున జరుగుతుంది. సరిగ్గా 334 వెనక్కి తెచ్చి, ఆ రెండు అంకెలూ చెరిపి, 41 కొట్టి వదిలేయడమే.

తెలుగు ఎలా

రైతులకి మెసేజ్ ఇంగ్లిష్ అక్షరాల్లో పెడితే పిల్లల చేత చదివించుకోవాలి. మంచి రేటు వచ్చిందని తెలియాల్సింది ముందు ఆయనకే కదా. అందుకే తెలుగు లిపిలో పంపుతాను.

గొంతుతో చెప్పి రాయించవచ్చు. గూగుల్ 2017లోనే తెలుగుకి ఆ సదుపాయం ఇచ్చింది. ఇంట్లో బాగానే పనిచేస్తుంది. యార్డులో హమాలీల కేకలు, లారీ హారన్లు, నా తుమ్ములు అన్నీ కలిసి ఏదో రాస్తుంది. తెర మీద తెలుగు కీబోర్డు తెప్పించుకోవచ్చు కూడా. ఫిజికల్ కీబోర్డు సెట్టింగులో ‘షో వర్చువల్ కీబోర్డ్’ ఆన్ చేస్తే వస్తుంది. 4.5 అంగుళాల తెరలో సగం అదే తినేస్తుంది. కింద ఇన్ని మీటలు పెట్టుకుని పైన ఇంకో కీబోర్డా అని నాకు మనసొప్పలేదు.

నా దారి లేఖిని. వెబ్‌లో ఏళ్ల తరబడి ఉన్న పేజీ. పై పెట్టెలో ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే కింది పెట్టెలో తెలుగు పడుతుంది. దాన్ని కాపీ చేసుకోవడమే. పాతకాలపు పద్ధతిలా కనిపిస్తుంది కానీ మీటల ఫోనుకి ఇది అతికినట్టు సరిపోయింది. దానికి కావాల్సింది మామూలు ఇంగ్లిష్ మీటలు, అంతే. నేను వేరే బ్రౌజర్ ఒకటి, ఫైర్‌ఫాక్స్, వేసుకుని దానికి లేఖినినే హోమ్ పేజీగా పెట్టాను. ఆ బ్రౌజర్‌ని ఇంక దేనికీ వాడను. దాన్ని ఎల్ అక్షరానికి కేటాయించాను. స్పీడ్ కీ, ఎల్: లేఖిని తెరుచుకుంటుంది. రాస్తాను, కింది పెట్టెలో నొక్కి పట్టుకుని మొత్తం ఎంచుకుని కాపీ చేస్తాను. స్పీడ్ కీ, డబ్ల్యూ: వాట్సాప్‌లో పేస్ట్.

లేఖినిలో పెద్ద అక్షరానికీ చిన్న అక్షరానికీ తేడా ఉంది. చిన్న టీ అంటే త, పెద్ద టీ అంటే ట. చిన్న డీ ద, పెద్దది డ. చిన్న ఎన్ న, పెద్దది ణ. చిన్న ఎల్ ల, పెద్దది ళ. చిన్న ఎస్ స, పెద్దది శ. చిన్న ఈ ఎ, పెద్ద ఈ ఏ. సున్నకి పెద్ద ఎమ్. ‘బాడిగ’ రాయాలంటే ఒక పెద్ద డీ కావాలి. ‘గుంటూరు’కి సున్న కోసం పెద్ద ఎమ్, వెంటనే పెద్ద టీ. పైన చెప్పినట్టు నొక్కి పట్టుకుంటే పెద్ద అక్షరం వచ్చేలా పెట్టుకుని ఉంటే ఇదంతా ఒకే మీటతో అయిపోతుంది. డ పలికేటప్పుడు నాలుక ఎలా వెనక్కి మడిచి కాస్త ఆగుతుందో, వేలు కూడా అలాగే కాస్త ఆగుతుంది. నాలుగు రోజుల్లో ఒంటబడుతుంది.

ఇప్పుడు మొదటి సాయంత్రం చెప్పిన రెండో పని గుర్తు తెచ్చుకోండి. వాక్యం మొదట్లో పెద్ద అక్షరం వేయడం తీసేయమన్నాను. ఆ సంగతి నేను ఎలా తెలుసుకున్నానంటే, ఒక రైతుకి ‘తేజ మీది బాగా పలికింది, తాలు విడిగా కాటా వేయించాం’ అని రాశాను. తేజ ఒక మిర్చి రకం. రెండు వాక్యాలుగా రాశాను, రెండూ త తోనే మొదలు. ఫోను రెండు చోట్లా పెద్ద టీ వేసింది. అవతలికి ‘టేజ’, ‘టాలు’ చేరాయి. ఆయన ఫోన్ చేసి, ‘అన్నా, టాలు అంటే ఏందన్నా? కొత్త కోతేమన్నా పెట్టారా?’ అన్నాడు. కోత అంటే తూకంలో తీసేది. ఆయన భయం ఆయనది. నవ్వి, విషయం చెప్పి, ఆ సాయంత్రమే ఆ సెట్టింగు తీసేశాను. ‘నేను’ తో మొదలుపెడితే ‘ణేను’ వచ్చేది కూడా అప్పటితో ఆగింది.

రోజూ పంపే మాటలు కొన్నుంటాయి. ‘మీ కాయ కాటా అయింది’, ‘డబ్బు రేపు ఖాతాలో పడుతుంది’, ‘నిమ్ము ఎక్కువుంది, ఒక ఎండ వేసి తీసుకురండి’. వీటిని ఒక్కసారి లేఖినిలో శుభ్రంగా రాసి నోట్సులో ఉంచుకున్నాను. స్పీడ్ కీ, ఎన్ కొట్టి కాపీ చేసుకుంటాను. ప్రతిసారీ కొత్తగా రాయడం దండగ.

కారం చేతులూ స్పేస్ బారూ

వేలిముద్ర సెన్సర్ స్పేస్ బార్‌లోనే ఉంది. ఫోను పట్టుకున్న చేయి కదలకుండా తాళం తీయొచ్చు. కాయ పట్టుకున్న వేళ్లకి మాత్రం పొడి అంటుకుని ఉంటుంది, ముద్ర దొరకదు. నేను చేసింది ఏమిటంటే, ఒకే కుడి బొటనవేలిని మూడుసార్లు నమోదు చేశాను. ఇంట్లో కడిగిన చేత్తో ఒకసారి, యార్డులో మధ్యాహ్నం ఒకసారి, ఎడమ అంచు నుంచి ఒకసారి. అప్పటి నుంచి చాలావరకు ఒక్క తాకుకే తెరుచుకుంటోంది. కుదరకపోతే లుంగీ కొంగుకి వేలు తుడుచుకుంటే చాలు. తడి గుడ్డ వాడకండి, కారం పేస్టులా మీటల సందుల్లోకి దిగుతుంది. రాత్రి ఇంటికి వచ్చాక మెత్తటి ఎండు బ్రష్షుతో వరసల మధ్య దులుపుతాను. మా అమ్మాయి వాటర్ కలర్ బ్రష్షు అది, ఇప్పుడు నాదైపోయింది. దులిపేటప్పుడు మొహం పక్కకి పెట్టుకోండి. ఎందుకో చెప్పనక్కర్లేదు.

బటన్ల సంగతి. కీవన్‌లో పవర్ బటన్ ఎడమ పక్కనుండేది. ఇందులో వాల్యూమ్, పవర్, కన్వీనియెన్స్ కీ మూడూ కుడి పక్కనే. పవర్ బటన్ మీద గరుకు గీతలుంటాయి, అవి వేలికి తగిలితే అదే పవర్ అని గుర్తుపెట్టుకోండి. అన్నిటికన్నా కిందున్నది కన్వీనియెన్స్ కీ. దానికి కారు, మీటింగు, ఇల్లు అని వేరు వేరు సందర్భాలకి వేరు వేరు పనులు పెట్టుకోవచ్చు. నేను అంత దూరం పోలేదు. టార్చి పెట్టుకున్నాను. గోడౌన్‌లో బస్తాల సందుల్లోకి తొంగిచూడటానికి అంతకంటే ఏం కావాలి?

సినిమాలు చూసేవాళ్లకి ఈ ఫోను వద్దు. తెర చిన్నది, పైగా కొలత 3:2 కాబట్టి పైనా కిందా నల్లపట్టీలు వస్తాయి. మా అబ్బాయి ఒక్కరోజు తీసుకుని, ఆటలు ఆడి చూసి, ‘నాన్నా, ఇది ఫోను కాదు, నీ కొట్టు ఖాతా పుస్తకం’ అని తిరిగి ఇచ్చేశాడు. రాత్రి చీకట్లో లారీ పక్కన నిలబడి రాసుకోవడానికి మీటల కింద లైటు వెలుగుతుంది. అది కూడా వాడికి నచ్చలేదు.

మా గుమస్తా మాత్రం నా పాత కీవన్ అడిగి తీసుకున్నాడు. దానికి స్పీడ్ కీ లేదని ముందే చెప్పాను. ‘పర్లేదు బాబాయ్, హోమ్ నొక్కుకుంటాలే’ అన్నాడు. ఆటో కరెక్షన్ తీసేసి, పెద్ద అక్షరం తీసేసి, పొడవు నొక్కు మీద నా నంబరు పెట్టి చేతికిచ్చాను. ఈ ఆదివారం అంకెలు నేర్చుకోవడానికి ఇంటికి వస్తానన్నాడు.